నెల్లూరులో బయట తినాలంటే: మెస్సా, మీల్స్ హోటలా, దోసెల బండా?

నెల్లూరు రైల్వే స్టేషన్ బయట ఆటో ఎక్కి “మంచి హోటల్‌కి పోనీ అన్నా” అంటే అతను పెద్ద బోర్డు, ముందు కార్లు నిలిచే జాగా ఉన్న చోట దించుతాడు. తప్పు అతనిది కాదు, మనం సగమే అడిగాం. ఏం తినాలి, ఏ పూట, పక్కన ఎవరున్నారు, ఇవి తేలకుండా ఈ ఊళ్ళో మంచి హోటల్ అంటూ ఒకటి ఉండదు. చేపల పులుసు బాగా కాచే మెస్సుల్లో చాలావాటిలో పొద్దున పొయ్యి మీద టిఫినే ఉండదు. కారం దోసె బాగా వేసే బండి మధ్యాహ్నానికి మూత పడుతుంది. అన్నీ దొరికే ఏసీ రెస్టారెంట్‌లో అన్నీ ఫరవాలేదు అన్నట్టే ఉంటాయి. కాబట్టి ముందు వంటకం తేల్చుకోండి, తర్వాత వేళ చూసుకోండి, చోటు ఆఖర్న.

హోటళ్ళ పేర్లు ఇక్కడ రాయడం లేదు. వంట మాస్టరు వేరే చోటికి పోతే బోర్డు అదే ఉన్నా పులుసు మారిపోతుంది, ఈ ఊళ్ళో మాస్టర్లు తరచుగా మారుతుంటారు. ఏ హోటల్లో కూర్చున్నా పది నిమిషాల్లో దాని సంగతి పట్టేసే గుర్తులు చెబితే అవి ఎక్కువ కాలం పనికొస్తాయి.

ఏ వైపు ఉన్నారో చూసుకోండి

పెన్న దక్షిణపు ఒడ్డున రంగనాయకులపేట, మూలాపేట, సంతపేట, చిన్నబజారు, పెద్దబజారు, ఇది పాత ఊరు. తల్పగిరి రంగనాథస్వామి గుడి, మూలస్థానేశ్వరస్వామి గుడి ఈ వైపే. గాంధీబొమ్మ, వీఆర్సీ సెంటర్, మద్రాసు బస్టాండు ఉన్న ట్రంకు రోడ్డు పరిసరాల్లో మీల్స్ హోటళ్ళు, టిఫిన్ హోటళ్ళు, మిఠాయి కొట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. కుటుంబంతో కూర్చునే ఏసీ రెస్టారెంట్లు, బిర్యానీ హోటళ్ళు కావాలంటే మాగుంట లేఅవుట్, మినీ బైపాస్ వైపు చూడాలి.

ఊరి నడుమ నుంచి రైలు పట్టాలు పోతాయి. అవతలికి దాటాలంటే ఆత్మకూరు బస్టాండు, మాగుంట లేఅవుట్, రామలింగాపురం దగ్గరున్న అండర్‌బ్రిడ్జిల మీదే ఎక్కువగా ఆధారపడాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు గట్టిగా పట్టినప్పుడు వీటిలో నీళ్ళు నిలుస్తాయి. అలాంటి సాయంత్రం బస ఏ వైపు ఉంటే ఆ వైపే భోంచేయడం మేలు. రెండు కిలోమీటర్ల దూరానికి చుట్టు తిరిగి గంటసేపు ట్రాఫిక్‌లో నిలబడేంత గొప్ప పులుసు ఎక్కడా కాచరు. పాత ఊరి వీధులు ఇరుకు. కారు ట్రంకు రోడ్డు దగ్గరే వదిలి ఆటోలో వెళ్ళండి.

చేపల పులుసు: దీనికి మెస్సే

నెల్లూరు వచ్చినవాళ్ళలో ఎక్కువమంది దీనికోసమే వస్తారు. ఏసీ రెస్టారెంట్ మెనూలో ఇది స్టార్టర్లు, బిర్యానీల మధ్య ఒక వరుసలో ఉంటుంది. నాన్‌వెజ్ మెస్సులో రోజుకో పెద్ద గిన్నె దీనికే పెడతారు. తేడా అంతా ఆ గిన్నెలోనే ఉంది.

ఈ పులుసు పద్ధతి తెలిస్తే హోటల్లో ఎక్కడ కక్కుర్తి పడ్డారో తెలుస్తుంది. నూనె ధారాళంగా పోసి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, టమాటా మగ్గబెట్టి, ఉప్పు, పసుపు, కారం వేసి, చిక్కటి చింతపండు రసం పోస్తారు. పచ్చివాసన పోయి నూనె పైకి తేలేదాకా మరగనిచ్చి, అప్పుడు చేప ముక్కలు వదులుతారు. ముక్క పడ్డాక గరిట పెట్టరు, గిన్నెను అంచులు పట్టి తిప్పుతారు. పుల్లమామిడికాయ ముక్కలు వేస్తారు. దించబోయే ముందు మెంతులు, ఆవాలు, జీలకర్ర వేయించి కొట్టిన పొడి చల్లుతారు. ఆ తర్వాత కనీసం రెండు మూడు గంటలు కదపకుండా ఉంచాలి. పులుపు, ఉప్పు, కారం ముక్క లోపలికి ఎక్కేది అప్పుడే. ఇళ్ళలో రాత్రి కాచి మర్నాడు తినేదీ అందుకే.

తొందరపడే హోటల్ చేసేది వేరు. ముక్కల్ని విడిగా ఉడికించో, కాస్త వేయించో పక్కన పెట్టుకుని, ఆర్డరు వచ్చాక వేడి పులుసులో ముంచి గిన్నెలో వేసి పంపుతారు. పైకి చూస్తే తేడా తెలియదు. ముక్కను ముల్లు దాకా విరిచి చూడండి. పులుసు రంగు ముల్లు దగ్గరికి దిగి ఉంటే అది గిన్నెలో ఉడికిన ముక్క. అంచున మాత్రం ఎర్రగా, లోపల తెల్లగా చప్పగా ఉంటే ముంచి తీసిన ముక్క. రెండోసారి ఆ హోటల్‌కి పోనక్కర్లేదు.

మరికొన్ని గుర్తులు. నాలుక చివర చేదు తగిలితే మెంతులు మాడాయి. గొంతులో గీరినట్టుంటే చింతపండు మరగలేదు. పులుసు చల్లారేకొద్దీ జిగురుగా గడ్డకడుతుంటే పిండి కలిపి చిక్కబరిచారు, చింతపండు, ఉల్లి, టమాటాలతో చిక్కబడిన పులుసు అలా గడ్డకట్టదు. గరంమసాలా ఘాటు ముందుకొస్తే ఎవరో కోడికూర చెయ్యి ఇందులో పెట్టారు. మామిడికాయ ముక్క కనబడకపోతే మాత్రం వెంటనే తప్పు పట్టకండి, వేసవి కాయ అయిపోయాక పునాస కాయ దొరికితేనే వేస్తారు.

వేళ సంగతి. పన్నెండుకే వెళితే పులుసు ఇంకా కుదురుకోదు. ఒంటిగంట ప్రాంతం సరైనది. రెండున్నర దాటితే మంచి ముక్కలు అయిపోయి తలకాయలు, తోకలు మిగులుతాయి. తలకాయ పులుసు ఇష్టమైనవాళ్ళకు అదే అదను అనుకోండి. రాత్రి భోజనానికి వెళితే “పులుసు పొద్దుటిదా, ఇప్పుడు కాచిందా?” అని అడగండి. పొద్దుటిదే అన్నా భయపడక్కర్లేదు. పొగలు వచ్చేలా మరిగించి పెడితే అదే బాగుంటుంది. రొయ్యల ఇగురు, పీతల కూర విషయంలో ఈ మాట చెల్లదు. అవి పొద్దుటివైతే వద్దనేయండి. రొయ్య రెండోసారి వేడిచేస్తే రబ్బరులా సాగుతుంది, నీచు వాసన కూడా తేలుతుంది.

ఏ చేప అడగాలి

చాలామంది ఇక్కడే తడబడతారు. వడ్డించే అబ్బాయి గుక్క తిప్పుకోకుండా పది పేర్లు చెబుతాడు, మనం ఆఖరిది అడిగేస్తాం.

పిల్లలు, ముళ్ళు తీసుకోలేని పెద్దవాళ్ళు ఉంటే కొర్రమీను. చిన్న ముళ్ళ బాధ తక్కువ, కండ గట్టి, పులుసులో విరిగిపోదు. ధర ఎక్కువే. పండుగప్పకూ ఇదే మాట. దీన్ని చెరువుల్లో కూడా పెంచుతారు కాబట్టి సముద్రం మీద వేట లేనప్పుడూ తాజాగా దొరికే వీలుంది. బొచ్చె, శీలావతి చవక. పులుసుకు రుచి బాగా ఇస్తాయి, కాకపోతే కండలో చీలిన సన్నముళ్ళు ఉంటాయి. వీటిలో పొట్ట ముక్క అడిగితే ఆ ముళ్ళ బెడద తగ్గుతుంది, తోక ముక్కలో ఎక్కువ. వంజరం నడుమ ఒక్క వెన్నుముల్లే ఉండి కండ ఒత్తుగా ఉంటుంది కాబట్టి వేపుడుకు బాగుంటుంది, పులుసులో కాస్త పొడిబారుతుంది. చందువ మెత్తన. వేపుడైనా పులుసైనా సరే, అతిగా ఉడికితే మాత్రం చేతికి రాదు.

బొమ్మిడాయిలు వేరే లెక్క. పాములా సన్నగా పొడుగ్గా, వీపున ముళ్ళతో, ఒళ్ళంతా జారుడు జిగటతో ఉండే చేప. ఉప్పు, బూడిద వేసి గరుకు రాతి మీద ఆ జిగట పోయేదాకా రుద్ది కడగాలి. అది సరిగా చెయ్యకపోతే పులుసు మొత్తం బురదవాసన వేస్తుంది. చేసినచోట మాత్రం దీని రుచి వేరే చేపకు రాదు. రోజూ దొరకదు, దొరికినా ఖరీదు. ఉందంటే ముందు ఒక్క ప్లేటే చెప్పండి. మొదటి ముద్దలో బురదవాసన లేకపోతే అప్పుడు రెండోది.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల మీద సముద్రపు వేట నిషేధం. ఈ రెండు నెలల్లో వంజరం, చందువ అని చెప్పేవి ఎక్కువగా కోల్డ్ స్టోరేజీ సరుకు, లేదా పడమటి తీరం నుంచి ఐసులో వచ్చినవి. అప్పుడు సముద్రపు చేప పక్కనపెట్టి కొర్రమీను, బొచ్చె, శీలావతి, చెరువు రొయ్యలు అడగండి. నెల్లూరు చుట్టుపక్కల రొయ్యల చెరువులకు కొదవ లేదు. పాత చేపను వేపుడులో దాచడం సులువు, కారం ముద్ద పట్టించి ఎర్రగా వేయిస్తే వాసన తెలియదు. విరిస్తే కండ పొరలుగా విడాలి. పిండిలా రాలినా, ప్లేటులో నీరు ఊరినా అది చాలాకాలం ఐసులో ఉన్న చేప.

మెనూలో ధర ఉండాల్సిన చోట ‘ఏపీఎస్’ అని రాసి ఉంటే సైజును బట్టి రేటు అని అర్థం. వండకముందే చేపను చూపించమని, ఎంత పడుతుందో చెప్పమని అడగండి. ఇక్కడ దానికెవరూ నొచ్చుకోరు. అడగకుండా తిని బిల్లు దగ్గర వాదిస్తే లాభం లేదు.

మెస్సులో మీల్స్ లెక్క

బయటి ఊళ్ళవాళ్ళకు తెలియని సంగతి ఒకటుంది. చాలా నాన్‌వెజ్ మెస్సుల్లో మీల్స్ ధరలో పప్పు, వేపుడు, కూర, పచ్చడి, సాంబారు, చారు, పెరుగుతో పాటు చేపల పులుసు, చికెన్, కొన్నిచోట్ల రొయ్యల గ్రేవీ కూడా కలిసే ఉంటాయి. ముక్కలుండవు, పులుసు మాత్రం బకెట్‌లో తెచ్చి పోస్తారు. ముక్కలు కావాలంటే విడిగా ఐటెం చెప్పాలి. కాబట్టి కూర్చోగానే నాలుగు ఐటెమ్‌లు చెప్పకండి. ముందు మీల్స్, గ్రేవీలు రానివ్వండి. ఏ గ్రేవీ బాగుందో ఆ ఐటెమే చెప్పండి. ఇద్దరు వెళితే రెండు మీల్స్, ఒక పులుసు ప్లేటు, ఒక వేపుడు చాలు. నలుగురికి మూడు రకాలు చాలు. అంతకు మించితే విస్తట్లోనే మిగులుతుంది.

తినే వరస కూడా పెట్టుకోండి. పప్పు, నెయ్యితో మొదలుపెట్టి కారప్పొడిలోకి దిగి, ఆ తర్వాత పులుసుకు వచ్చేసరికి సగం కడుపు నిండిపోతుంది. పులుసు కోసమే వచ్చినవాళ్ళు పప్పు ఒక ముద్దతో ఆపి నేరుగా దానిలోకి దిగితే మంచిది. పెరుగన్నంలో చివర కాస్త పులుసు వేసుకోవడం ఇక్కడివాళ్ళ అలవాటు, చూసి వింతపడకండి.

అన్నం చూడటం మరవొద్దు. మెతుకు మెతుకు విడివిడిగా ఉంటే పాత బియ్యం. ముద్దగా, కాస్త తియ్యగా ఉంటే కొత్త బియ్యం. పులుసు పోస్తే కొత్త బియ్యపు అన్నం జావైపోతుంది. నెల్లూరు అనగానే మొలగొలుకులు అంటారు గానీ, ఇవాళ హోటళ్ళలో ఎక్కువగా ఉడికేవి వేరే సన్నరకాలే. “మొలగొలుకుల అన్నం” అని బోర్డు ఉంటే సంతోషమే, దానికోసం ధర ఎక్కువ పెట్టేటప్పుడు మాత్రం ఒకసారి మెతుకు చూసుకోండి.

మెస్సు అందరికీ నప్పదు. ఒంటిగంటకు బల్ల దొరకాలంటే తింటున్నవాళ్ళ వెనక నిలబడాలి. చేతులు కడిగే చోట తడి. ఏసీ ఉన్నా అంతంతమాత్రం. పసిపిల్లలున్నవాళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆదివారం మధ్యాహ్నం అటు పోకపోవడమే మంచిది. అదే మెస్సులో మంగళవారమో బుధవారమో పన్నెండున్నరకు కూర్చుంటే హాయిగా తినొచ్చు. శనివారం, సోమవారం, కార్తీకమాసం నీచు తిననివాళ్ళు ఎక్కువ. ఆ రోజుల్లో బల్ల సులువుగా దొరుకుతుంది గానీ, గిరాకీ తక్కువ కాబట్టి రకాలు తగ్గుతాయి, నిన్నటి సరుకు మిగిలే అవకాశమూ ఉంటుంది. కార్తీక సోమవారం పీతలు అడగడం అంత తెలివైన పని కాదు.

శాకాహారానికి

గుడికి వచ్చినవాళ్ళు, నీచు ముట్టనివాళ్ళు ట్రంకు రోడ్డు చుట్టుపక్కల ఉన్న పాతకాలపు శాకాహార మీల్స్ హోటళ్ళకు వెళ్ళాలి. మెస్సులో ‘వెజ్ మీల్స్ కూడా ఉంది’ అన్నా అటు పోవద్దు. అక్కడ కూరలు గ్రేవీలకు తోడుగా వండినవి, వాటి మీద శ్రద్ధ తక్కువ.

ఈ హోటళ్ళను పప్పు, చారు, పెరుగు చూసి బేరీజు వేయండి. పప్పు నీళ్ళలా ఉండకూడదు. చారులో మిరియం, జీలకర్ర తెలియాలి, ఉత్త చింతపండు నీళ్ళు కాకూడదు. పెరుగు గరిటతో తీస్తే గడ్డగా రావాలి, మజ్జిగ పోసి పెరుగంటే ఒప్పుకోవద్దు. సాంబారులో కాస్త మద్రాసు పోకడ ఉంటుంది. చెన్నై సుమారు 175 కిలోమీటర్ల దూరమే కదా. ప్లేట్ మీల్స్, ఫుల్ మీల్స్ తేడా ముందే కౌంటర్‌లో అడగండి. ప్లేట్ మీల్స్‌లో మారు వడ్డన ఉండదు. ఆకలిగా ఉన్నవాళ్ళు డబ్బు మిగులుతుందని ప్లేట్ చెప్పి, ఎక్స్‌ట్రా రైసు, ఎక్స్‌ట్రా కూర తీసుకుంటే ఫుల్ మీల్స్ కన్నా ఎక్కువే పడుతుంది.

పొద్దున: కారం దోసె

పేరు నెల్లూరు కారం దోసె అయినా, ఊళ్ళో ప్రతి చోటా బాగుండదు. ఎండుమిరప, ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు కలిపి నూరిన ఎర్రకారం దోసె మీద పూసి, పైన పుట్నాల పొడి చల్లి, నెయ్యి వేసి, అంచులు లేచేదాకా కాల్చి మడుస్తారు. ఇంత చిన్న పనిలో చెడగొట్టే వీలు చాలా ఉంది.

బండి దగ్గర రెండు నిమిషాలు నిలబడి పెనం చూడండి. ప్రతి దోసెకు ముందు నీళ్ళు చిలకరించి తుడుస్తున్నాడా? అది పెనం వేడి తగ్గించడానికి. తుడవకుండా వరసగా వేస్తే పెనం కాగిపోయి పిండి సరిగా పరుచుకోదు, కారం మాడి ఘాటు లేచి చుట్టూ నిలబడ్డవాళ్ళందరికీ దగ్గు పడుతుంది. కారం ఎప్పుడు పూస్తున్నాడో చూడండి. పిండి పైన తడి ఆరకముందే పూస్తే దోసె మెత్తబడి, వెల్లుల్లి పచ్చిగా మిగిలి సాయంత్రం దాకా నోట్లో ఉంటుంది. తడి ఆరి, రంగు మారుతున్నప్పుడు పూసి, పైన పొడి, నెయ్యి వేసి మంట తగ్గించి అర నిమిషం ఉంచేవాడు పని తెలిసినవాడు. ఎర్రకారం గిన్నెకు మూత ఉందా, అందులో తడి గరిట ముంచుతున్నాడా అనేదీ చూడండి. తడి తగిలిన కారం వేసవిలో పూట తిరక్కుండానే పులుస్తుంది.

బండిలో దోసె వేడిగా, కరకరలాడుతూ, చవకగా దొరుకుతుంది. నిలబడి తినాలి, తాగే నీళ్ళ నమ్మకం లేదు, బాటిల్ మీరే తెచ్చుకోండి. టిఫిన్ హోటల్లో కూర్చోవచ్చు, చట్నీలు రెండు మూడు రకాలు, కాకపోతే పెనం నుంచి బల్లకు వచ్చేలోపు దోసె మెత్తబడుతుంది. పెనానికి దగ్గర బల్ల చూసుకోండి. ఏసీ రెస్టారెంట్‌లో కారం తగ్గించి, వెన్న పెంచి ఇస్తారు, కారం తట్టుకోలేని పిల్లలకు అదే నయం. ఏడున్నర నుంచి తొమ్మిదిలోపు తింటే పిండి సరైన పులుపులో ఉంటుంది. ఎండాకాలం పదిన్నర దాటిన పిండి పుల్లబడి దోసె త్వరగా ఎర్రబడదు. పులిబొంగరాలు (పులిసిన దోసెపిండితో వేసే చిన్న ఉండలు) కనబడితే ఒక ప్లేటు తీసుకోండి, అన్నిచోట్లా ఉండవు. పచ్చి పిండి తగలకుండా లోపల ఉడికాయో లేదో ఒకటి విరిచి చూస్తే చాలు.

మిగతావి

బిర్యానీ కోసం నెల్లూరు దాకా రానక్కర్లేదు గానీ, చేప వద్దనే జట్టు ఉంటే కోటమిట్ట వైపో, మాగుంట లేఅవుట్ వైపో దొరుకుతుంది. పన్నెండున్నర నుంచి రెండులోపు, మొదటి హండీ తెరిచినప్పుడు తినాలి. రాత్రి తొమ్మిది దాటాక అడుగున ఉన్న అన్నమే వస్తుంది. ఏసీ రెస్టారెంట్లు పుట్టినరోజులకు, పది మందికి పైగా ఉన్న గుంపులకు బాగుంటాయి. బల్లలు కలిపి వేస్తారు, బిల్లు ఒకటే ఇస్తారు. అక్కడ తందూరీ, బిర్యానీ చెప్పండి, చేపల పులుసు చెప్పకండి.

చెన్నై–విజయవాడ హైవే మీద పోతూ ఊళ్ళోకి దిగాలా వద్దా అంటే: మధ్యాహ్నం పన్నెండున్నర, రెండు మధ్య అయితే, చేపల పులుసు తినాలని ఉంటే, దిగండి. ఊళ్ళోకి వచ్చి తిని మళ్ళీ హైవే ఎక్కడానికి గంటన్నర వేసుకోండి. టిఫిన్‌కో, రాత్రి పదికో అయితే వద్దు. దాబాలో పరోటా, గుడ్డుకూర లాంటివి అప్పటికప్పుడు చేసేవి చెప్పండి.

మైపాడు బీచ్ సుమారు పాతిక కిలోమీటర్లు. ఆదివారం సాయంత్రం అక్కడ వేయించే చేపలు చూసి నోరూరుతుంది. మూకుడులో నూనె నల్లగా, నురగ కడుతూ ఉంటే వెనక్కి వచ్చేయండి. కారం పట్టించి ఎండలో వరసగా పేర్చిన చేపలు వద్దు. ఐసుపెట్టెలోంచి తీసి, మీ ముందే కోసి, వేయిస్తానంటే తినండి. చేప కన్ను ఉబ్బుగా తేటగా, మొప్పలు ఎర్రగా ఉండాలి.

పండగ రోజులు

మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో రొట్టెల పండగ జరుగుతుంది. లక్షల్లో జనం వస్తారు. ఆ రోజుల్లో దర్గామిట్ట చుట్టూ ఏ హోటల్లోనూ నిలకడగా వంట ఉండదు. గిన్నెలు గంటకోసారి ఖాళీ అవుతాయి, పులుసు కుదురుకునే తీరికే ఉండదు. అప్పుడు చేపల పులుసు మాట వదిలి, ఇడ్లీ, ఉప్మా, పెరుగన్నం లాంటివి తినండి, లేదా పదకొండున్నరకే భోజనం ముగించండి. ఫాల్గుణంలో రంగనాథస్వామి బ్రహ్మోత్సవాల రథోత్సవం రోజు రంగనాయకులపేట వీధుల్లోకి ఆటో రాదు, నడకే. జొన్నవాడ కామాక్షమ్మ గుడికో, నరసింహకొండకో పోయేవాళ్ళు ఊళ్ళోనే టిఫిన్ చేసి బయల్దేరి, మధ్యాహ్నం ఒంటిగంటకల్లా తిరిగి ఊళ్ళోకి రావడం మంచిది.

బిల్లు

మామూలు రెస్టారెంట్ బిల్లు మీద జీఎస్టీ 5 శాతం. కాంపొజిషన్ పద్ధతిలో (అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను హోటలే తన జేబులోంచి కట్టే పద్ధతి) ఉన్న చిన్న హోటల్ గిరాకీ దగ్గర విడిగా జీఎస్టీ వసూలు చెయ్యకూడదు. జీఎస్టీ నంబరు లేని బిల్లులో పన్ను వేస్తే అడగండి. సర్వీస్ చార్జీ తనంతట తానే బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది, తీసేయమని అడిగే హక్కు మీకుంది. తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చు. మెస్సుల్లో ఈ గొడవ అరుదు. అక్కడ జరిగేది ఒకటే, ఒకే బల్ల మీద ఇద్దరు వేర్వేరు గిరాకీలు కూర్చున్నప్పుడు పక్కవాళ్ళ వేపుడు మన లెక్కలో పడటం. చీటీ చూసి డబ్బివ్వండి.

పార్శిల్, మిఠాయి

చేపల పులుసు పార్శిల్ బాగా ప్రయాణం చేస్తుంది, వేపుడు చెయ్యదు. పులుసును పలచటి కవర్లో పోయించకండి. చింతపండు పులుసు, నూనె కలిసి మూడు గంటల్లో మూతి దగ్గర కారుతుంది. స్టీలు క్యారియర్ మీరే తీసుకెళ్ళండి, చాలాచోట్ల సంతోషంగా పోస్తారు. ముక్కలు పైన, పులుసు కింద కాకుండా, ముక్కలు పులుసులో మునిగి ఉండేలా సర్దించుకోండి. చల్లారాక మూత పెట్టండి, వేడి మీద మూస్తే ఆవిరి నీరు పడి పలచబడుతుంది. మే నెలలో అయితే నాలుగైదు గంటల్లో తినెయ్యాలి, లేదా చేరగానే మరిగించి ఫ్రిజ్‌లో పెట్టాలి. రొయ్యలు, పీతలు రైల్లో తీసుకెళ్ళొద్దు.

నెల్లూరు మలైకాజా అంటే ఊళ్ళో అందరికీ ఇష్టం, తెలిసినవాళ్ళకు పట్టుకెళ్ళేదీ ఇదే. ఇది తాపేశ్వరం మడతకాజాలా రోజుల తరబడి ఉండదు. పాల సరుకు కాబట్టి ఏ రోజు చేశారో అడిగి, ఆ రోజుదే తీసుకోండి. బయట ఉంచితే మర్నాటికల్లా తినెయ్యడం మంచిది, ఫ్రిజ్‌లో పెడితే పాకం గట్టిపడుతుంది గానీ రెండు రోజులు ఎక్కువ నిలుస్తుంది. రైలుకు గంట ముందు ట్రంకు రోడ్డులో కొని, డబ్బా అడ్డంగా కాకుండా నిలువుగా పెడితే పాకమంతా ఒక పక్కకు చేరి కింది వరస నలిగిపోతుంది. బ్యాగులో అన్నిటికన్నా పైన, పడుకోబెట్టి పెట్టండి.